నాన్నని నువ్వు అనే మనిషి

ఆ వేసవిలో మా ఇంట్లో పనికొచ్చే చేతులు ఐదే. అమ్మవి రెండు, నావి రెండు, నాన్నది ఒకటి. ట్రైలర్ మీంచి జారిపడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు నాన్న. ఎడమ చెయ్యిని కట్టుకట్టి ఛాతీకి బిగించేశారు. ఆ కట్టుతోనే పొలమంతా తిరిగేవాడు, ఉల్లిని చూసి తిట్టేవాడు, ఆకాశాన్ని చూసి తిట్టేవాడు, చివరికి ఇంటికొచ్చి కూతుర్నైన నన్ను చూసేవాడు. నన్ను తిట్టేవాడు కాదు. అదింకా చిరాగ్గా ఉండేది.

నేను రెన్ నగరం నుంచి లాప్‌టాప్‌తో, రెండు సంచులతో అప్పుడే దిగాను. మా ప్రాజెక్టు మూసేశారు. "సెలవా?" అన్నాడు నాన్న. "ఆ, అలాంటిదే," అన్నా. ఇంకేం అడగలేదు. మా ఇంట్లో ప్రశ్నలు అలాగే ఉంటాయి, ఒకటి అడిగి ఊరుకుంటారు.

పగలంతా ఉల్లిచేలో కలుపు. మిగతా టైమంతా ఫోన్ తీసి చూడ్డం, పెట్టెయ్యడం, మళ్ళీ తియ్యడం. ఏ ఉద్యోగం వాళ్ళూ రాయట్లేదు. కాలు ఒకచోట నిలవట్లేదు. అలాంటి రోజుల్లోనే ఫోన్‌లో బ్రెటన్ నేర్పే యాప్ ఒకటి దింపుకున్నా. ఫ్రెంచ్ కంటే ముందునుంచీ మా వైపున్న భాష, మా భాషే. నాకు రాదు. నాన్నకొచ్చు, అమ్మకి అర్థమవుతుంది, నాకు మాత్రం బస్టాండ్ బోర్డుల మీద చదవడమే.

ముందు నాన్ననే అడిగా, నేర్పమని.

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అయితే ఇంగ్లీషు నేర్చుకో."

"వచ్చు."

"అయితే స్పానిష్ నేర్చుకో. ఇది ఆవులతో మాట్లాడే భాష. మనకి ఆవుల్లేవు."

అంతే, అయిపోయింది.

మా వైపు ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందేది ఒక్కచోటే, లోమ్ పెదనాన్న గేటు దగ్గర. మా పొలానికీ ఆయన పొలానికీ మధ్య ఒక ముళ్ళకంచె, అంతే. నాన్నా ఆయనా అన్నదమ్ములు. నాన్నమ్మ పోయినప్పటినుంచీ మాటల్లేవు. అంత్యక్రియల్లో ప్రార్థనలు ఫ్రెంచ్‌లో చదివించాడు నాన్న, పట్నంనుంచి వచ్చినవాళ్ళకి అర్థం కావాలని. "ఆవిడకి రాని భాషలో ఆవిణ్ణి సాగనంపుతావురా?" అని పెదనాన్న చర్చి మధ్యలోంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే దారిలో ట్రాక్టర్లు నడుపుతూ, ఒకరికొకరు కనపడనట్టు నటిస్తూ బతికేశారు. చిన్న ఊళ్ళో అలా ఉండాలంటే చాలా ఓపిక కావాలి.

ఆయన గేటు దగ్గర నుంచుని నేను యాప్ చెప్పినట్టు పలుకుతున్నా. వెనకనుంచి బూట్ల చప్పుడైంది.

"దేమాత్," అన్నా, తిరిగి.

"ఏంటది?"

"నమస్కారం అని."

"రేడియోలో వాళ్ళంటారు అలా. ఇక్కడంటే ఏదో అమ్మడానికొచ్చావనుకుని తలుపేసుకుంటారు."

"మరేమనాలి?"

"నీ పేరేంటి?" అన్నాడు. నేను పుట్టినప్పటినుంచీ తెలుసాయనకి.

"అజెనోర్."

"అజెన్ అంటే ఏంటో తెలుసా?"

"తెలీదు."

"గాడిద. మొదటి పాఠం అయింది. రేపు రా."

మర్నాడు వెళ్ళా. కాఫీ గిన్నె ముందు పెట్టి, ఎవరన్నా కనపడితే ముందు ఏమనాలో నేర్పాడు. పెనోస్ మా కొంట్ గనిత్? ఎలా ఉంది నీ సంగతి, అని. పది సార్లు అనిపించాడు. నా గొంతులో ఫ్రెంచ్ గడ్డకట్టుకుపోయిందన్నాడు. "చేపముల్లు ఇరుక్కున్నట్టు పలుకు, సరిపోద్ది."

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న వైపు తిరిగి గర్వంగా అన్నా, "పెనోస్ మా కొంట్ గనిత్?"

నాన్న చెంచా సూప్‌లో ఆగిపోయింది. అమ్మ సింకు వైపు తిరిగింది.

"ఎవరు నేర్పారు?"

"యాప్."

"తండ్రిని 'తే' అనమందా యాప్?"

ఇక్కడొక మాట చెప్పాలి. ఫ్రెంచ్‌లో మా ఇంట్లో అందరం నువ్వు అనే అనుకుంటాం. బ్రెటన్‌లో అలా కుదరదు. 'తే' అంటే నువ్వు, 'హ్వీ' అంటే మీరు. నేనన్న 'గనిత్'లో దాక్కున్నది తే యే. మా వైపు పిల్లలు తల్లిదండ్రుల్ని హ్వీ అనే అనాలి, నాన్న తన అమ్మని చివరిదాకా అలాగే అన్నాడు. నేనేమో తండ్రిని పట్టుకుని, కుక్కని పిలిచినట్టు నువ్వు అనేశా.

"సారీ," అన్నా.

నాన్న సూప్ తాగాడు. రొట్టె తుంపాడు. తుంపిన రొట్టె తినలేదు. కాసేపటికి అన్నాడు, "దానికి జవాబు కూడా నేర్పిందా, ప్రశ్న ఒక్కటేనా?"

"ప్రశ్న ఒక్కటే."

"రాసుకో. జవాబు లేకుండా ప్రశ్న నేర్చుకుని ఏం చేస్తావు?"

రాసుకోలేదు, ఫోన్‌లో రికార్డు చేశా. పొడుగ్గా ఏదో చెప్పాడు. అర్థమేంటంటే, "కుంటిగుర్రంలా ఉన్నా, నడుస్తున్నా కానీ తిట్టుకుంటూ," అన్నాడు. ఆవులతో మాట్లాడే భాష నేర్పనన్న మనిషి! నేను పడుకునేదాకా ఆశ్చర్యపోతూనే ఉన్నా.

పెదనాన్నకి మర్నాడు ఆ రికార్డు వినిపించా, ఉచ్చారణ సరిగ్గా ఉందో లేదో అని. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. మా నాన్న గొంతు అందులోంచి కరకరా వచ్చింది. అయిపోయింది.

"మళ్ళీ పెట్టు."

పెట్టా.

"ఇంకోసారి. ఒక పదం సరిగ్గా వినపడలా."

ఆ పదం ఆయనకి చాలాసార్లు వినపడలేదు.

ఆరోజు రెండో వాక్యం నేర్పాడు. 'గాలి ఎటునుంచి వీస్తోంది ఇవాళ' అని అర్థమట. చాలా పొడుగ్గా ఉందేంటి గాలికి, అనుకున్నా. ఇంట్లో అన్నా. నాన్న ముఖం ఎర్రబడింది. తర్వాత ముక్కుతో నవ్వాడు, నవ్వితే భుజం నొప్పెట్టి మూలిగాడు. "దానికి జవాబు ఇదీ, 'పడమరనుంచే, ఎప్పట్లాగే' అని అర్థం," అంటూ అంతకంటే పొడుగుది ఒకటి చెప్పాడు.

అలా మొదలైంది. రోజూ ఒకటి. నేను పొద్దున కంచె దాటి వెళ్ళడం, సాయంత్రం అదే దార్లో రావడం. ఇద్దరూ నన్ను తెగ మెచ్చుకునేవాళ్ళు, భలే పట్టుకున్నావే అని. నాకు మాత్రం లోపల ఏదో తేడా కొట్టేది. 'రొట్టె ధర ఎంత' అనే వాక్యంలో గాడిద అన్న పదం ఎందుకొస్తుంది?

అమ్మతో కారులో మోర్లే పట్నానికి వెళ్తూ అడిగా. అమ్మ సూపర్‌మార్కెట్‌లో బిల్లు కౌంటర్లో చేస్తుంది. ఎదురుగా వచ్చే ఒక్కొక్కరి ముఖం చూసి ఏం కొంటారో చెప్పేస్తుంది, అందుకే ఆమెకి అబద్ధం చెప్పలేం.

"నిన్న మీ పెదనాన్న పంపింది విన్నావా?" అంది, దారి మీంచి కళ్ళు తిప్పకుండా.

"పంపిందేంటి? నేర్పింది."

"'కాళ్ళు నేలమీద ఉన్నప్పుడే సరిగ్గా నుంచోలేనివాడివి, ట్రైలర్ ఎక్కావా గాడిదా' అని. మీ నాన్నేమో 'నీ కొట్టం కప్పుకంటే నా భుజమే గట్టిది, ముందు అది చూసుకో' అని."

సీటు బెల్టు పట్టుకుని అమ్మ వైపు తిరిగా.

"పోస్ట్‌మాన్ ఉద్యోగం చేస్తున్నావే, జీతం లేకుండా," అంది అమ్మ. నవ్వాపుకోలేక కారు పక్కకి తీసి ఆపేసింది.

నేను చదువుకున్నదే కంప్యూటర్ నెట్‌వర్కులు. మధ్యలో ఉన్న డబ్బా తనగుండా ఏం పోతోందో చదవదు, ఇటునుంచి తీసుకుని అటు తోసేస్తుంది. నాలుగేళ్ళు చదివి చివరికి నేనే డబ్బానయ్యా.

"ఇద్దరికీ తెలుసా, నాకు తెలీదని?"

"తెలుసు. నీకు తెలిసిందని వాళ్ళకి తెలిస్తే ఆపేస్తారు. కాబట్టి నీకు తెలీదు."

"సరే."

"ఇంకోటి. మొదటిరోజు నువ్వు 'తే' అన్నావు చూడు. మీ నాన్నకి అప్పుడే తెలిసింది ఆ మాట ఎక్కణ్ణుంచొచ్చిందో."

ఎందుకలా అని అడిగేలోపు కారు స్టార్ట్ చేసింది. ఆ మాట నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

జూలై చివర్లో ఉల్లి పీకాం. అమ్మ డ్యూటీ అయ్యాక వచ్చేది, నేను రోజంతా, నాన్న ఒంటిచేత్తో. పీకిన ఉల్లిని చాళ్ళమీదే పడుకోబెట్టి ఎండనివ్వాలి. మెడలు ఎండితేనే జడలు అల్లడానికి వస్తాయి. తడిస్తే మెడ దగ్గర మెత్తబడి కుళ్ళు మొదలవుతుంది. మొదలైతే చూస్తుండగానే చేనంతా పోతుంది. చేను మొత్తం గులాబీరంగులో పరుచుకుని ఉంది, నేనేమో రోజుకి ఇరవైసార్లు ఫోన్‌లో వాతావరణం చూస్తున్నా.

బుధవారం సాయంత్రం పడమర దిక్కున పెద్ద గాలివాన అని చూపించింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఇక్కడికి.

"ఎక్కించి తోలెయ్యాలి," అన్నా.

"దేనిమీద?" అన్నాడు నాన్న. "నేను ఒంటిచేత్తో ట్రాక్టర్ నడపలేను. మీ అమ్మకి రాదు. నువ్వు రివర్స్ చేస్తే గోడ పోయింది మొన్న. తోలినా మన కొట్టంలో సగానికి చోటు లేదు."

పెదనాన్నకి పెద్ద ట్రైలరుంది. ఆయన కొట్టం ఈ ఏడాది ఖాళీ. గోధుమే వేశాడు, అది అమ్మేశాడు. కంచె అవతలే. అందరికీ తెలుసు. గదిలో ఆ మాట బల్ల మధ్యలో పెట్టినట్టే ఉంది, ఎవరూ ముట్టుకోవట్లేదు.

"అడుగు," అంది అమ్మ.

"అడగను."

"బియెల్," అంది అమ్మ, నాన్నని పేరు పెట్టి.

"వాడికి కళ్ళున్నాయి కదా? చేను కనపడట్లేదా? రావాలనుకుంటే వచ్చుండేవాడు." నాన్న లేచాడు. కిటికీ దగ్గరికెళ్ళి మాకు వీపు పెట్టి అన్నాడు, "ఇది పోతే పోనీ. అక్టోబర్లో పొలం ఆ క్లెదేర్ ఊరి ఆసామికిచ్చేస్తా. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

అమ్మ ప్లేట్లు తీసింది. చప్పుడు లేకుండా తీసింది. మా అమ్మ ఎప్పుడూ చప్పుడు లేకుండా ప్లేట్లు తియ్యదు.

పెదనాన్న దగ్గరికి గురువారం పొద్దున వెళ్ళా. ఆయన నేర్పబోయాడు, నేనే ఆపి, "చేను చూశారా?" అన్నా.

"చూశా."

"వాన వస్తోంది."

"విన్నా."

"వస్తారా?"

కత్తితో గోళ్ళకింద మట్టి తీసుకుంటున్నాడు. "పిలవని పెళ్ళికి వెళ్ళే అలవాటు నాకు లేదు, గాడిదా. వాడి చేను. వాడు పిలవాలి."

ఒకాయన పిలవడు, ఒకాయన పిలవకపోతే రాడు. మధ్యలో ఉల్లి. ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నా. ఎలాగూ నేనే డబ్బాని కదా. డబ్బాలోంచి నేనే ఒకటి పంపితే ఎవరికి తెలుస్తుంది?

వాక్యం చిన్నదే కావాలి, రమ్మని. తిట్లన్నీ తే లోనే పోయాయి ఇన్నాళ్ళూ, అది గమనించా. కానీ తిట్టడానికి తే సరిపోతుంది, సాయం అడగాలంటే మర్యాద ఉండాలి కదా? పైగా ఆయన పెద్దవాడు. దేయిత్, మార్ ప్లిజ్. దయచేసి రండి, హ్వీ లెక్కన. అరగంట పలికి ప్రాక్టీసు చేశా.

మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళా. పెదనాన్న ట్రాక్టర్ ముక్కు విప్పి లోపలికి వంగి ఉన్నాడు.

"నాన్న ఇంకోటి నేర్పాడు. సరిగ్గా ఉందో లేదో చూడండి."

"అను."

అన్నా.

ఆయన నిటారుగా లేచాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ.

"రికార్డింగు లేదా ఈసారి?"

"ఛార్జింగ్ అయిపోయింది."

"మళ్ళీ అను."

అన్నా.

"మీ నాన్న నన్ను హ్వీ అన్నాడా?"

"...ఆ."

"బతికే ఉన్నాడా?"

"అదేంటి పెదనాన్నా!"

"ఒకే మంచంలో పడుకున్నాం వాడూ నేనూ, ఏళ్ళ తరబడి. ఒకే చొక్కా ఒకరి తర్వాత ఒకరం తొడిగాం. మొన్నటిదాకా ఇంకో నలుగురుండేవాళ్ళు వాణ్ణి తే అనేవాళ్ళు, అందరూ పోయారు. నేనొక్కణ్ణే మిగిలా. వాడు నన్ను మీరు అన్నాడంటే రెండే కారణాలు. చచ్చైనా ఉండాలి, లేదా నన్ను బయటివాణ్ణి చేసైనా ఉండాలి." మళ్ళీ ఇంజన్లోకి వంగాడు. "ఏదైనా, వెళ్ళి కనుక్కునిరా."

సంతకం సరిపోలలేదు. నా జీవితంలో ఇంత గట్టి తాళం చూళ్ళేదు, ఒక్క అక్షరంతో.

ఇంటికి పరిగెత్తా. నాన్న చేను గట్టుమీద కూర్చుని ఒక ఉల్లి మెడ వేళ్ళమధ్య నలుపుతున్నాడు. చెప్పేశా. దాచినా ఉపయోగం లేదు, సాయంత్రానికల్లా వాసన వస్తుంది.

"నీ పేరు మీద నేను వెళ్ళి రమ్మన్నా."

ఆయన తలెత్తలేదు. "రానన్నాడా?"

"నమ్మలేదు."

"ఎందుకు?"

"నువ్వు అనాల్సిన చోట మీరు అన్నా. దేయిత్, మార్ ప్లిజ్ అన్నా."

ఈసారి తలెత్తాడు. నేను ఊహించింది కోపం, అబద్ధమాడినందుకు. వచ్చింది వేరే కోపం.

"నేను లోమ్‌ని హ్వీ అన్నానని చెప్పావా?"

"మర్యాదగా ఉంటుందని..."

"మర్యాదా! దయచేసి అని కూడానా?" లేచాడు. ఉల్లి కిందపడింది. "వాడేమనుకుంటాడు? ఇన్నేళ్ళు మాట్లాడలేదు, సరే. తిట్టుకున్నాం, సరే. కానీ వాణ్ణి నేను... ఎక్కడున్నాడు?"

"ట్రాక్టర్ దగ్గర."

నాన్న చేనుకి అడ్డంపడి నడిచాడు, ఎండుతున్న ఉల్లిని దాటుకుంటూ. కంచె దగ్గర ఒక్క క్షణం ఆగాడు. కట్టుకట్టిన చేత్తో దాటడం కుదరదు. అవతల పెదనాన్న లేచి నుంచున్నాడు. నాన్న కంచె మీంచి అరిచాడు. బ్రెటన్‌లో, నాకు రానంత వేగంగా. 'తే' మాత్రం వినపడింది. చాలాసార్లు వినపడింది. ఉతికి ఆరేస్తున్నట్టు, ప్రతి మాటకీ ఒక తే.

పెదనాన్న ఏదో అన్నాడు. నాన్న ఏదో అన్నాడు. పెదనాన్న తల గోక్కున్నాడు. తర్వాత ట్రాక్టర్ ముక్కు మూసి, ఎక్కి, స్టార్ట్ చేశాడు.

అంతే. ఎవరూ ఎవర్నీ కౌగిలించుకోలేదు.

ఆ సాయంత్రమంతా, మర్నాడు పొద్దునంతా ఎత్తాం. అమ్మ సెలవు పెట్టింది. పెదనాన్న ట్రాక్టర్ మీద, నాన్న పక్కన నడుస్తూ. ప్రతి మలుపు దగ్గరా తగువే. ఇటు తిప్పు, అటు తిప్పు, నీకేం తెలుసు, నీకంటే ఎక్కువే తెలుసు. అమ్మ మొదట్లో నాకు అర్థం చెప్పింది, తర్వాత ఆపేసింది. "తిట్లే," అంది. ముఖం మాత్రం ఎండలోకి చూసినట్టు ముడుచుకుంది.

వాన చెప్పిన టైముకంటే ముందే వచ్చింది. కిందివైపు చాళ్ళు ఇంకా చేలోనే ఉన్నాయి. తడిసిపోయాం, వదిలేశాం. మిగతాదంతా పెదనాన్న కొట్టంలో, పొడిగా.

శనివారం పొద్దున నేను ఆలస్యంగా దిగా. ఒళ్ళంతా విరిచినట్టుంది. వంటింట్లోంచి మాటలు వినపడుతున్నాయి. పెదనాన్న మా బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు కాఫీ గిన్నె, టోపీ మోకాలిమీద. ఇద్దరూ బ్రెటన్‌లో, తక్కువ గొంతుతో. ఇప్పుడు తగువులా లేదు.

నేను లోపలికి అడుగుపెట్టగానే ఆపేశారు.

"వాన తగ్గింది," అన్నాడు నాన్న, ఫ్రెంచ్‌లో.

"తగ్గింది," అన్నాడు పెదనాన్న, ఫ్రెంచ్‌లో.

ఒళ్ళు మండిపోయింది. వేసవంతా వాళ్ళ సామాను నేను మోశా. ఇప్పుడు నేనొస్తే తలుపేసేసి, నాతో వాతావరణం మాట్లాడుతున్నారు, బస్టాండ్‌లో తెలియనివాళ్ళతో మాట్లాడినట్టు. నేనే పరాయిదాన్నైనట్టుంది. అట్నుంచటే గేటు దగ్గరికి పోయి మెయిల్ చూసుకుందామనిపించింది. రాయాల్సినవాళ్ళు ఈపాటికి రాసి ఉండొచ్చు.

కూర్చున్నా. రొట్టె కోసుకున్నా. వెన్న నాన్నవైపు ఉంది.

వాక్యం తలలో పేర్చుకున్నా. ఎవరూ నేర్పింది కాదు. ఎవరికీ చేరవెయ్యాల్సింది కాదు. నాకు వెన్న కావాలి, అంతే. నాన్నని హ్వీ అనాలి, గుర్తుంది. పలికా. మధ్యలో ఒక అక్షరం తప్పు పోయినట్టే అనిపించింది, మా భాషలో పక్కమాటని బట్టి అక్షరాలు మారిపోతుంటాయి.

నాన్న నావైపు చూడను కూడా లేదు. కుడిచేత్తో వెన్నగిన్నె నావైపు తోశాడు. "తీసుకో, అంతా పూసెయ్యకు," అన్నాడు.

బ్రెటన్‌లో అన్నాడు.

అని, తనేం అన్నాడో తనకే తెలీనట్టు, పెదనాన్న వైపు తిరిగి ఆపిన మాట ఆపినచోటునుంచి అందుకున్నాడు. ఫ్రెంచ్‌లోకి మళ్ళీ రాలేదు. పెదనాన్న ఒకసారి నావైపు చూశాడు, నాన్నకి జవాబిచ్చాడు.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆగిపోతారేమోనని. నాలుగు మాటలకి ఒకటి అందుతోంది. ఉల్లి. కుళ్ళు. ఒకసారి నాన్నమ్మ పేరు వచ్చింది, పెదనాన్న మోకాలిమీది టోపీ తిప్పి పెట్టాడు. మళ్ళీ నాన్నే మొదలెట్టాడు. చెయ్యి కిటికీ వైపు చూపించాడు, కిందివైపు చాళ్ళని కాబోలు. పెదనాన్న కాదన్నాడు. నాన్న గొంతు పెంచి బల్లమీద వేలితో గీత గీసి, ఇటు ఉల్లి, ఇటు ఇంకేదో, అని పంచాడు. ఆ ఇంకేదో నాకు రాని పదం. ముందున్న రెండు మాటలు మాత్రం వచ్చు.

వచ్చే ఏడాది, అన్నాడు.

రొట్టె తినెయ్యడం అయిపోయింది. ఇంకో ముక్క కోసుకున్నా.